ఊరంతా నమ్మినప్పుడు ఒకరు రాసిన ఉత్తరాలు: రబ్బీ సాస్పోర్టాస్

సభకు నమస్కారం. పిలిచిన నిర్వాహకులకూ, పనులు మానుకుని వచ్చిన మీకందరికీ కృతజ్ఞతలు.

ఇవాళ నేను మాట్లాడబోయేది కొన్ని పాత ఉత్తరాల గురించి. రాసినాయన యాకోబ్ సాస్పోర్టాస్, యూదు మతగురువు, వాళ్ళ మాటలో రబ్బీ. రాసిన చోటు జర్మనీలోని హాంబర్గ్ రేవుపట్నం. మొదలుపెట్టింది 1665 చివర్లో. అప్పటికి యూదు లోకమంతా ఒక్క వార్తతో ఊగిపోతోంది. వందల ఏళ్ళుగా ఎదురుచూస్తున్న మెస్సీయ, తమ చెర విడిపించి పవిత్రభూమికి తీసుకెళ్ళే రాజు, వచ్చేశాడని. యెమెన్ నుంచి పోలండ్ దాకా, మొరాకో నుంచి ఆమ్‌స్టర్‌డామ్ దాకా పండితులూ పామరులూ, షావుకార్లూ కూలివాళ్ళూ నమ్మారు. నమ్మనివాళ్ళు కొద్దిమంది. వాళ్ళలో నోరు విప్పినవాళ్ళు మరీ కొద్దిమంది. సాస్పోర్టాస్ వాళ్ళలో ఒకరు. ఆయన చేసిన పనల్లా ఉత్తరాలు రాయడం, తనకు వచ్చినవాటికీ తన చేతికి చిక్కినవాటికీ నకళ్ళు తీసి దాచడం.

ముందు మనిషి గురించి చెబుతాను. 1610లో ఒరాన్‌లో పుట్టారు. ఇప్పుడది అల్జీరియాలో ఉంది, అప్పట్లో స్పెయిన్ ఏలుబడిలో ఉండేది. పక్కనున్న త్లెమ్సెన్‌లో రబ్బీగా పనిచేశారు. అక్కడ జైలు పాలయ్యారు. బయటపడి 1650ల్లో ఆమ్‌స్టర్‌డామ్ చేరుకున్నారు. చదువులో గొప్పవాడే కానీ చేతిలో స్థిరమైన ఉద్యోగం లేదు. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దారు. 1664లో లండన్‌లోని కొత్త యూదు సంఘం ఆయన్ని తమ రబ్బీగా పిలిపించుకుంది. ఏడాది తిరిగేసరికి లండన్‌ను ప్లేగు చుట్టుముట్టింది. మళ్ళీ మూటాముల్లే సర్దుకుని హాంబర్గ్ వచ్చి పడ్డారు. పదమూడో శతాబ్దపు మహాపండితుడు నహ్మనిడీస్ వంశం మాది అని చెప్పుకోవడం ఆయనకు ఇష్టం. కోపిష్ఠి. తన విద్యకు తగ్గ గౌరవం దొరకలేదన్న బాధ ఎప్పుడూ ఉండేది. ఇవన్నీ ఆ ఉత్తరాల్లో కనిపిస్తాయి. ఆయన్ని పటం కట్టి పూజించడానికి నేను ఇక్కడికి రాలేదు. చాలా మామూలు బలహీనతలున్న మనిషి, చాలా కష్టమైన పని చేశాడు. నాకు ఆయన మీద గౌరవం అందుకే.

ఆయన చుట్టూ ఉన్నవాళ్ళు పోర్చుగీసు యూదులు. 1492లో స్పెయిన్ యూదుల్ని వెళ్ళగొట్టింది. 1497లో పోర్చుగల్ బలవంతంగా బాప్తిస్మం ఇప్పించింది. తరాల తరబడి పైకి క్రైస్తవులుగా, లోపల యూదులుగా బతికి, మతం తప్పారని అనుమానించి శిక్షించే చర్చి న్యాయస్థానం ఇన్క్విజిషన్ విచారణలకు భయపడుతూ, చివరికి తప్పించుకుని ఆమ్‌స్టర్‌డామ్, హాంబర్గ్, లండన్ చేరినవాళ్ళు. పంచదార, పొగాకు, వజ్రాలు వీళ్ళ వ్యాపారం. మన కృష్ణా తీరాన కొల్లూరు గనుల్లో తీసిన వజ్రాలు వీళ్ళ చేతుల్లోకీ వెళ్ళేవి. 1680ల్లో జాక్ డి పైవా అనే పోర్చుగీసు యూదు వ్యాపారి మద్రాసులో కాపురం పెట్టి గోల్కొండ గనుల దాకా వచ్చాడు కూడా. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మెస్సీయ వార్త ఎలా పాకిందో అర్థం కావాలంటే ఈ వ్యాపార దారులు గుర్తుండాలి. సరుకు ధరలు రాసిన ఉత్తరాలు ఏ ఓడల్లో, ఏ టపా సంచుల్లో వచ్చాయో, ప్రవక్త మాటలూ వాటిలోనే వచ్చాయి. నమ్మకమూ ఉత్తరాల మీదే నడిచింది, అనుమానమూ ఉత్తరాల మీదే నడిచింది.

వాళ్ళు అమాయకులు కాబట్టి నమ్మేశారు అనుకుంటే అన్యాయం. 1648-49లో ఉక్రెయిన్, పోలండ్ ప్రాంతాల్లో ఖ్మెల్నిత్స్కీ తిరుగుబాటులో యూదుల ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. ఇటు స్పెయిన్, పోర్చుగల్‌లో ఇంకా ఇన్క్విజిషన్ నడుస్తూనే ఉంది. ఇంత బాధకు ఏదో ఒక అర్థం, ఏదో ఒక ముగింపు ఉండాలని మనిషి కోరుకుంటాడు. ఆ కోరిక సాస్పోర్టాస్‌కూ ఉంది. ఈ సంగతి దయచేసి గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం వస్తుంది.

ఇక మెస్సీయ అనిపించుకున్నతను షబ్బతాయి జ్వీ. 1626లో స్మిర్నాలో, ఇప్పటి ఇజ్మీర్‌లో పుట్టాడు. బాగా చదువుకున్నాడు. కొన్నాళ్ళు ఆకాశంలో తేలిపోయేవాడు, మతనియమాల్ని అందరి ముందే ఉల్లంఘించేవాడు. కొన్నాళ్ళు పలకరించినా పలకనంత దిగులులో కూరుకుపోయేవాడు. స్మిర్నా, సలోనికా సంఘాలు అతన్ని ఊరి నుంచి పంపేశాయి. 1665లో గాజాలో నాథన్ అనే ఇరవై ఏళ్ళు దాటిన యువకుడు మనసు జబ్బులకు మందు చెబుతాడని విని, తన బాధ తీర్చుకుందామని అతని దగ్గరికి వెళ్ళాడు. నాథన్ అతనితో, నీకు జబ్బేమీ లేదు, నువ్వే మెస్సీయవి అన్నాడు. ఆ ఏడాది మే నెలాఖరుకు అది బహిరంగ ప్రకటనైంది.

నాథన్ ఈజిప్టు యూదుల పెద్ద రఫాయేల్ యోసెఫ్‌కు ఒక ఉత్తరం రాశాడు. అందులో ఏముందో చెబుతాను. ఏడాది, ఇంకొన్ని నెలల్లో షబ్బతాయి తుర్కీ సుల్తాను కిరీటాన్ని తీసుకుంటాడు. యుద్ధం ఉండదు, పాటలతో, స్తోత్రాలతోనే ఆ పని జరుగుతుంది. సుల్తాను అతని వెంట సేవకుడిలా నడుస్తాడు. తర్వాత కథల్లో చెప్పుకునే సంబత్యోన్ నది అవతలికి వెళ్ళి, మోషే కూతుర్ని పెళ్ళాడి, ఏడు తలల పాము కళ్ళెంగా ఉన్న దివ్య సింహం మీద తిరిగొస్తాడు. వీటన్నిటికీ ముందు ఒక షరతు ఉంది: సూచనలు, అద్భుతాలు అడగకుండా నమ్మాలి. నమ్మినవాడికి మోక్షం, నమ్మనివాడికి నాశనం.

ఈ ఉత్తరం నకలు హాంబర్గ్‌లో సాస్పోర్టాస్ చేతికి వచ్చింది. ఆయన దాన్ని చింపి పారేయలేదు. ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాసుకుని, దాని కింద తన జవాబు రాసుకున్నారు. ఈ రోజు చరిత్రకారులు షబ్బతాయి ఉద్యమం గురించి రాయాలంటే, ఆ ఉద్యమాన్ని అంతగా ద్వేషించిన ఈ మనిషి దాచిన కాగితాలు లేకుండా కుదరదు. ఎదుటివాడి మాటను పూర్తిగా, వాడి మాటల్లోనే దాచడం వాదనకు మొదటి మెట్టు అని నేను నమ్ముతాను. వివాదం వేడిలో ఆ పని చేసేవాళ్ళు ఎంతమంది?

పుకార్లు ఎలా ఉండేవంటే, తప్పిపోయిన పది గోత్రాల ఇశ్రాయేలీయులు సైన్యంగా అరేబియా ఎడారిలో లేచారని, మక్కా మీదికి వెళుతున్నారని. స్కాట్లండ్ తీరంలో పట్టు తెరచాపల ఓడ కనిపించిందని, అందులో నావికులు హీబ్రూ తప్ప మరో భాష మాట్లాడలేదని లండన్‌లో కరపత్రమే అచ్చయింది. ఆ పది గోత్రాల తలపు ఎంత దూరం ప్రయాణం చేసిందో చూడండి, మన గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలో ఎఫ్రాయిము గోత్రం వాళ్ళమని చెప్పుకుంటూ తెలుగులో మాట్లాడుకునే యూదు కుటుంబాలు ఈనాటికీ ఉన్నాయి. 1665 డిసెంబరులో లండన్ రాయల్ సొసైటీ కార్యదర్శి ఓల్డెన్‌బర్గ్, యూదులు స్వదేశానికి వెళుతున్నారట, దీని గురించి ఆమ్‌స్టర్‌డామ్ యూదులు ఏమంటున్నారు అని తత్వవేత్త స్పినోజాను ఉత్తరం రాసి అడిగాడు. 1666 ఫిబ్రవరిలో లండన్‌లో ఒక యూదుడు స్మిర్నాలోని ఆ మనిషి రెండేళ్ళలో రాజవుతాడని పదికి వంద పౌన్ల లెక్కన పందేలు కాస్తున్నాడని శామ్యూల్ పీప్స్ డైరీలో రాసుకున్నాడు.

హాంబర్గ్ సంగతి మనకు గ్లికెల్ అనే ఆవిడ వల్ల బాగా తెలుసు. వ్యాపారం చేసుకుంటూ పిల్లల్ని పెంచిన ఇల్లాలు, తర్వాత తన జీవితాన్ని యిడ్డిష్ అనే యూదుల భాషలో రాసుకుంది. తూర్పు నుంచి ఉత్తరం వస్తే దాన్ని పోర్చుగీసు వాళ్ళ ప్రార్థనా మందిరానికి, అంటే సినగాగుకు, తీసుకెళ్ళి గట్టిగా చదివేవాళ్ళట. పోర్చుగీసు కుర్రాళ్ళు ఉన్నవాటిలో మంచి బట్టలు వేసుకుని, నడుముకు వెడల్పాటి ఆకుపచ్చ పట్టు రిబ్బన్లు కట్టుకుని, డప్పులు కొట్టుకుంటూ, చిందులేస్తూ వినడానికి వెళ్ళేవాళ్ళట. కొందరు ఇళ్ళూ పొలాలూ అమ్మేసుకున్నారు. గ్లికెల్ మామగారు హామెల్న్‌లో ఇల్లూ వాకిలీ వదిలేసి హిల్డెస్‌హైమ్ వెళ్ళిపోయారు. అక్కడి నుంచి హాంబర్గ్‌లో కొడుకూ కోడలూ ఉన్న ఇంటికి రెండు పెద్ద పీపాలు పంపించారు. వాటిలో నారబట్టలు, వాటి మధ్య బఠాణీలు, చిక్కుడు గింజలు, ఎండబెట్టిన మాంసం, ఎండు రేగుపళ్ళలాంటివి, పాడవకుండా నిలవుండే ప్రతి తిండి వస్తువూ. హాంబర్గ్ రేవు నుంచి పవిత్రభూమికి ఓడ ఎక్కడానికి. ఆ పీపాలు ఏడాదికి పైగా ఆ ఇంట్లో అలాగే ఉన్నాయి. చివరికి పెద్దాయన దగ్గర నుంచి కబురొచ్చింది, మాంసం కుళ్ళి బట్టలు పాడైపోతాయి, పీపాలు విప్పి తిండి వస్తువులు తీసెయ్యండి అని. బట్టలు మాత్రం ఉంచమన్నారు. ఆ పీపాలు మూడేళ్ళ పాటు ప్రయాణానికి ఎదురుచూశాయని ఆమె రాసింది.

సాస్పోర్టాస్ ఉత్తరాలు చదివేటప్పుడల్లా నాకు ఆ పీపాలు కళ్ళ ముందు మెదులుతాయి. ఎందుకంటే ఆయన వాదిస్తున్నది దూరాన స్మిర్నాలో ఉన్న షబ్బతాయితో కాదు. ఇల్లు అమ్ముకున్న పక్కింటివాళ్ళతో, ఇన్నాళ్ళూ తనతో కూర్చుని శాస్త్రం చదివిన స్నేహితులతో. ఆమ్‌స్టర్‌డామ్‌లో పెద్ద రబ్బీ ఇసాక్ అబోవబ్ నమ్మారు. అబ్రహాం పెరేరా అనే కోటీశ్వరుడు పవిత్రభూమికి బయల్దేరి ఇటలీ దాకా వెళ్ళాడు. రబ్బీ ఇసాక్ నహార్ కూడా ఆ దారే పట్టారు. వీళ్ళంతా సాస్పోర్టాస్‌కు బాగా తెలిసినవాళ్ళు, ఆయన ఉత్తరాలు అందుకున్నవాళ్ళు.

ఆ ఉత్తరాల్లో ఆయన అడిగింది చాలా సాదా ప్రశ్న. మనకు ఈ సంగతి ఎలా తెలిసింది? ఎవరు చెప్పారు? చెప్పినవాడి మాటకు సాక్ష్యం ఏమిటి? గాజా ప్రవక్త గురించి జెరూసలేం రబ్బీలు స్వయంగా సంతకాలు పెట్టి ఎందుకు రాయడం లేదు? నిజానికి జెరూసలేం రబ్బీలు ఆ వేసవిలోనే షబ్బతాయిని వెలివేశారు. ఆ కబురు మాత్రం యూరప్‌కు అంత జోరుగా రాలేదు. సంతోషవార్తకు ఉన్న రెక్కలు దీనికి లేవు.

ఆయన పట్టుకున్న ఆధారం మైమోనిడీస్. పన్నెండో శతాబ్దంలో ఈజిప్టులో ఉండి యూదు ధర్మశాస్త్రం మొత్తాన్ని క్రోడీకరించిన మహానుభావుడు. 1172 ప్రాంతంలో యెమెన్‌లో ఇలాగే ఒకడు తాను మెస్సీయకు ముందు వచ్చిన దూతనని బయల్దేరితే, అక్కడివాళ్ళు ఏం చేయమంటారని మైమోనిడీస్‌ను అడిగారు. ఆయన వాళ్ళకు పెద్ద ఉత్తరం రాసి ధైర్యం చెప్పారు. తన ధర్మశాస్త్రంలో రాజుల గురించి చెప్పేచోట మెస్సీయను గుర్తుపట్టే పద్ధతి కూడా రాసిపెట్టారు. దావీదు వంశంలో ఒక రాజు లేచి, తోరాను, అంటే మోషే ధర్మశాస్త్రాన్ని, పాటించి, ప్రజలచేత పాటింపజేసి, దేవుడి యుద్ధాలు చేస్తే అతను మెస్సీయ కావచ్చు అనుకోవచ్చు. అతను గెలిచి, ఆలయాన్ని దాని చోట కట్టి, చెదిరిన ప్రజల్ని పోగుచేస్తే అప్పుడు నిశ్చయంగా అతనే. చేయలేకపోయినా, చంపబడినా, అతను కాదు. రెండో శతాబ్దంలో రబ్బీ అకీవా అంతటివాడు రోమన్ల మీద తిరగబడ్డ బార్ కొఖ్బాను మెస్సీయ అనుకున్నాడు. బార్ కొఖ్బా చనిపోయాక, కాదని తెలిసిపోయింది. అంత పెద్ద పండితుడి నమ్మకం కూడా ప్రమాణం కాదని, జరిగిన పనే ప్రమాణమని మైమోనిడీస్ ఆ ఉదాహరణతోనే చెప్పారు.

సాస్పోర్టాస్ ఈ కొలత తీసుకుని స్నేహితుల ముందు పెట్టారు. మీ మెస్సీయ ఇందులో ఏం చేశాడు? ఆలయం కట్టాడా? చెదిరినవాళ్ళను కూడగట్టాడా? ఏమీ చేయకముందే, నమ్మనివాడు నాశనమవుతాడని ఎలా అంటారు? మెస్సీయ వస్తాడని నమ్మడం మన మతంలో విధి. ఫలానా మనిషే మెస్సీయ అని రుజువు లేకుండా నమ్మడం ఏ శాస్త్రంలోనూ విధి కాదు. ఈ రెంటినీ కలిపేసి, షబ్బతాయిని అనుమానిస్తే మతాన్నే అనుమానించినట్టు అని నాథన్ అన్నాడు. సాస్పోర్టాస్ ఈ రెంటినీ విడదీసి చూపించారు. ఆయన ఉత్తరాలన్నిట్లో నాకు అన్నిటికన్నా విలువైన పని ఇదే అనిపిస్తుంది. మత వివాదంలో సత్యానికి మొదట దెబ్బ తగిలేది ఇక్కడే. నువ్వు దేవుణ్ణి నమ్ముతావా లేదా అని అడుగుతారు, లోపల అసలు ప్రశ్న మాత్రం ఫలానా మనిషిని నమ్ముతావా లేదా అని. రెండు ప్రశ్నలూ ఒకటే అని ఒప్పుకున్నామంటే వాదించడానికి ఇక ఏమీ మిగలదు.

అటు స్మిర్నాలో 1665 డిసెంబరు 12న, విశ్రాంతి దినాన, షబ్బతాయి గొడ్డలి పట్టుకుని పోర్చుగీసు సినగాగు తలుపు పగలగొట్టాడు. లోపలికి వెళ్ళి, పలకకూడని దేవుడి పేరు పలికాడు. ఎదిరించిన రబ్బీలకు ఊళ్ళో నిలువనీడ లేకుండా పోయింది. 1666 వేసవిలో, ఆలయం కూలిన దినానికి గుర్తుగా చేసే ఆబ్ నెల తొమ్మిదో రోజు ఉపవాసాన్ని తన పుట్టినరోజు పండుగగా మార్చమని ఆజ్ఞ పంపాడు. ఒక మనిషి మాటతో ధర్మశాస్త్రం ఇలా ఒక్కొక్క పొరా ఊడిపోవడం సాస్పోర్టాస్‌ను అన్నిటికన్నా కలవరపెట్టింది. శాస్త్రం పోతే, రేపు ఇంకొకడు వచ్చినప్పుడు నిజమో అబద్ధమో తేల్చుకోవడానికి మన చేతిలో ఏం మిగులుతుంది?

పదుగురాడు మాట పాడియై ధర చెల్లు అంటారు మనవాళ్ళు. ఆ పదిమంది మాటకు ఎదురు నిలవడంలో ఉన్న భయం మామూలుది కాదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో అలటీనో అనే వ్యాపారి వీధిలో అందరి ముందూ, మీకు పిచ్చెక్కింది, సూచనలేవీ అని అరిచేవాడట. ఒకరోజు అతను ఇంటికి వెళ్ళి, భోజనానికి చేతులు కడుక్కుని, రొట్టె తుంచేలోపలే పడి చనిపోయాడు. ఊరంతా అది దేవుడి శిక్ష అంది. ఈ సంగతి రాసిపెట్టింది సాస్పోర్టాసే. ఇది విన్న రాత్రి ఆ మనిషికి ఎంత టెన్షన్ ఉండి ఉంటుందో ఊహించండి. తాను పరాయి ఊళ్ళో తలదాచుకున్నవాడు. పెళ్ళాం పిల్లలున్నవాడు. తిండి పెట్టే సంఘం పెద్దలంతా అవతలి వైపు.

అందుకే ఆయన ఉత్తరాలు కొన్ని మెత్తగా ఉంటాయి. నిజమైతే ఎంత బాగుండు అంటారు. నేనూ ఎదురుచూస్తున్నవాడినే అంటారు. స్నేహితుల సంతోషాన్ని పొగిడి, ఆ తర్వాత మెల్లగా ప్రశ్న వేస్తారు. ఇందులో భయం ఉంది, నేను కాదనను. కానీ భయం ఒక్కటే లేదు. ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను కదా, మెస్సీయ రావాలన్న కోరిక ఆయనకూ ఉంది. రాడని ఆయనకు ముందే తెలుసని కాదు. తెలియదు కాబట్టే అడిగారు.

1666 ఫిబ్రవరిలో తుర్కీ ప్రభుత్వం షబ్బతాయిని పట్టుకుంది. తర్వాత గల్లిపోలి కోటలో పెట్టింది. భక్తులు ఆ చెరనూ వైభవంగానే చెప్పుకున్నారు, కోటకు యాత్రలు చేశారు. సెప్టెంబరు 16న ఎడిర్నేలో సుల్తాన్ నాలుగో మెహ్మెద్ సమక్షంలో నిలబెట్టి, మతం మారతావా, ప్రాణం పోగొట్టుకుంటావా అన్నారు. షబ్బతాయి తలపాగా చుట్టుకుని ముస్లిం అయ్యాడు. అజీజ్ మెహ్మెద్ ఎఫెందీ అని పేరు పెట్టి, రోజుకు 150 ఆస్పర్ల (తుర్కీ వెండి నాణేల) భత్యం ఇచ్చారు.

ఇక్కడితో కథ అయిపోవాలి. మైమోనిడీస్ కొలత ప్రకారం తీర్పు వచ్చేసింది. చాలామంది సిగ్గుతో, దుఃఖంతో నోరు మూసుకున్నారు. సంఘాల రికార్డుల్లో ఆ ఏడాది రాతలు కొన్నిచోట్ల కనబడకుండా చేశారు. కానీ నాథన్ వెనక్కి తగ్గలేదు. మెస్సీయ చీకటి లోకంలోకి దిగి అక్కడ చిక్కుకున్న పవిత్రమైన వెలుగు రవ్వల్ని పైకి తేవాలి కాబట్టే మతం మారాడని వివరించాడు. 1668లో వెనిస్ రబ్బీలు నాథన్‌ను నిలదీసి, తన ప్రవచనం పొరపాటని రాసిన కాగితం మీద సంతకం తీసుకున్నారు. ఊరు దాటాక అతను ఆ మాట కాదన్నాడు. ట్రిపోలీలో ఉన్న వైద్యుడు అబ్రహాం మిగేల్ కార్డోసో ఇంకో మాట అన్నాడు. స్పెయిన్, పోర్చుగల్‌లో మనం పైకి ఒక మతం, లోపల ఒక మతంతో బతకలేదా, మెస్సీయ కూడా మనలాగే ఆ శిక్ష అనుభవిస్తున్నాడు అన్నాడు. ఆలోచించండి, తాతముత్తాతలు బలవంతపు బాప్తిస్మం అనుభవించిన మనుషులకు ఈ మాట ఎక్కడ తగులుతుందో. కార్డోసో సొంత అన్న ఇసాక్ వెరోనాలో వైద్యుడు, ఆయనకు ఈ వాదం అంటే అసహ్యం. అన్నదమ్ములు ఉత్తరాల్లోనే విడిపోయారు. కార్డోసో ఉత్తరం సాస్పోర్టాస్ చేతికి కూడా వచ్చింది, ఆయన దానికి ఘాటుగా జవాబు రాశారు. నమ్మకానికి రుజువు అడగొద్దన్నప్పుడే ఈ ప్రమాదం ఉందని ఆయన మొదటి నుంచీ అంటున్నారు. గెలిస్తే అది రుజువు, ఓడితే అది రహస్యం. అలాంటి మాటను ఎవరైనా ఎప్పటికైనా తప్పని చూపించగలరా?

ఆయన పూర్తిగా ఒంటరి కాదన్న మాట కూడా చెప్పాలి. ఇటలీలో లివోర్నోలో ప్రవచనాలు చెప్పే యోసెఫ్ హలేవి, మొరాకోలో సలే రేవులో ఆరోన్ సిబోనీ ఆయనలాగే ఎదురు నిలిచారు. ఒకరి సంగతి ఒకరికి ఉత్తరాల్లోనే తెలిసింది. హలేవి ఉత్తరాల్ని సాస్పోర్టాస్ తన ఉత్తరాలతో పాటే దాచారు.

తర్వాత ఇవన్నీ కలిపి పుస్తకంగా కూర్చారు. యెషయా ప్రవక్త గ్రంథంలోని వాడిపోయే పువ్వు అన్న మాటనే షబ్బతాయి ఇంటిపేరుతో ముడిపెట్టి దానికి పేరు పెట్టుకున్నారు. ఆయన బతికుండగా అది అచ్చు కాలేదు. 1737లో ఆమ్‌స్టర్‌డామ్‌లో సంక్షిప్తంగా వచ్చింది. 1757లో రబ్బీ యాకోబ్ ఎమ్డెన్ హాంబర్గ్ పక్కనే ఉన్న ఆల్టోనాలో దాన్ని మళ్ళీ వేశారు. అప్పటికి ఎమ్డెన్‌కు ఇంకో పెద్ద రబ్బీ అయిబెషుట్స్‌తో పెద్ద గొడవ నడుస్తోంది, ఆయన రహస్యంగా షబ్బతాయి భక్తుడని ఎమ్డెన్ ఆరోపణ. పాత ఉత్తరాలు కొత్త యుద్ధానికి ఆయుధాలయ్యాయి. పూర్తి పుస్తకం 1954లో జెరూసలేంలో ఇషాయా తిష్బీ సంపాదకత్వంలో బయటికొచ్చింది.

ఆ పూర్తి పుస్తకంతో పాటే ఒక చేదు సంగతీ బయటపడింది. తిష్బీ, గెర్షోమ్ షోలెమ్ లాంటి పండితులు చేతిరాత ప్రతిని పరిశీలించి తేల్చిందేమిటంటే, షబ్బతాయి మతం మారాక, పుస్తకం కూర్చేటప్పుడు, సాస్పోర్టాస్ తన పాత ఉత్తరాల్ని దిద్దారు. మెత్తని మాటలు కొన్ని తీసేశారు, అనుమానాన్ని మొదట రాసినదానికన్నా గట్టిగా చేశారు. తనకు మొదటి రోజు నుంచీ ఏ తడబాటూ లేదన్నట్టు తన్ను తాను చూపించుకున్నారు.

దీన్ని ఎలా చూడాలి? కొందరు ఇదొక్కటి పట్టుకుని ఆయన్ని కపటి అన్నారు. నాకు అలా అనబుద్ధి కాదు, అలాగని వదిలెయ్యాలనీ లేదు. సత్యం కోసం వాదించినవాడు తన ఉత్తరాల్లోని సత్యాన్ని మార్చాడు. అది తప్పే. కానీ ఆయన సిగ్గుపడి చెరిపేసుకున్నది ఏమిటో చూడండి. నాకూ తెలియదు, నేనూ ఆశపడుతున్నాను, అయినా రుజువు చూపించండి అన్న మనిషిని. నా దృష్టిలో ఆ పుస్తకంలో అందరికన్నా ధైర్యవంతుడు ఆ మనిషే. ముందే అంతా తెలిసినవాడికి అనుమానించడం సులువు. ఆశ ఉండి, భయం ఉండి, ఊరంతా డప్పులు కొడుతుంటే, కళ్ళెదురుగా పక్కింట్లో ప్రయాణపు పీపాలు కనిపిస్తుంటే, మనకెలా తెలుసు అని అడగడం కష్టం. తర్వాతి తరాలకు ఆయన తన్ను తాను ఎప్పుడూ తడబడని వీరుడిగా అందించాలనుకున్నారు. పండితులు ఆ రంగు తుడిచి, తడబడుతూ కూడా ప్రశ్న వదలని మనిషిని మనకు తిరిగి ఇచ్చారు. ఆయనకు వాళ్ళు అపకారం చేశారని నేను అనుకోను.

చివరగా ఒక చిన్న సంగతి చెప్పి ఆపేస్తాను, తర్వాత మీ ప్రశ్నలు తీసుకుందాం. ఆమ్‌స్టర్‌డామ్ పోర్చుగీసు సినగాగులో యాజకులు ప్రజల్ని దీవించే ఆచారం అప్పటిదాకా పండుగ రోజుల్లోనే ఉండేది. 1666 ఉత్సాహంలో దాన్ని ప్రతి విశ్రాంతి దినానికీ పెట్టారు. షబ్బతాయి మతం మారాక, ఇక దీన్ని ఆపాలా వద్దా అన్న ప్రశ్న వచ్చింది. అబద్ధం మీద మొదలైంది కాబట్టి ఆపాలని సాస్పోర్టాస్ శాస్త్రప్రమాణాలతో రాశారు. దీవెన మంచిదే కదా, మొదలుపెట్టిన మంచిని ఎందుకు మానాలని అవతలివాళ్ళన్నారు. వాళ్ళ మాటే నెగ్గింది, ఆచారం నిలబడిపోయింది. 1693లో అబోవబ్ చనిపోయాక, ఆ సంఘమే 83 ఏళ్ళ సాస్పోర్టాస్‌ను తమ ప్రధాన రబ్బీగా పెట్టుకుంది. 1698లో కన్నుమూసేదాకా ఆయన అక్కడే ఉన్నారు. ఆ అయిదేళ్ళూ తాను వద్దన్న ఆ దీవెన జరిగే సినగాగుకు ఆయనే పెద్ద.